మనసు జబ్బుకు మన సేవ: మేలు జరిగిందో లేదో తెలిసేదెలా?

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో ఆరోగ్య ఉపసంఘం నివేదిక చదవడం ఆనవాయితీ. ఎన్ని కళ్ళద్దాలు ఇచ్చాం, ఎందరి చేత రక్తదానం చేయించాం, ఎందరిని ఆసుపత్రికి తీసుకువెళ్ళాం, ఈ అంకెలు చదివి, చప్పట్లు కొట్టించుకుని కూర్చోవడం మాకు అలవాటు. ఈసారి మాత్రం అధ్యక్షులవారి అనుమతితో ఒకే ఒక విషయం మాట్లాడదలచినాము. మానసిక రోగులకు మనం చేస్తున్న సేవ వల్ల ఆ రోగికి నిజంగా మేలు జరుగుతున్నదా, లేదా? జరిగితే ఎంత? అది తెలుసుకునే మార్గం ఏమిటి? ఇదే మా ప్రసంగ విషయం.

"ఇందులో చెప్పేందుకేముందండీ, మందు వాడితే తగ్గుతుంది, తగ్గకపోతే అల్లాహ్ చిత్తం" అని ఎవరైనా అనుకోవచ్చును. నిజం చెప్పాలంటే మేమూ అలాగే అనుకుంటూ వచ్చాం. ఒక తల్లి వచ్చి మా కళ్ళు తెరిపించింది. ముందుగా ఆ సంగతి మనవి చేసుకుంటాం.

నెలకొకసారి వ్యాను మాట్లాడి, మన పేటలోని మానసిక రోగులను, ఒక్కొక్కరి వెంట ఇంటి మనిషి నొకరిని ఆసుపత్రికి తీసుకువెళ్ళడం, చేతకానివారికి జకాతు నిధి నుంచి మందులు కొనివ్వడం కొన్నేళ్ళుగా జరుగుతున్న సంగతి మీ అందరికీ తెలుసు. వెళ్ళినవారి పేర్లు రిజిష్టరులో రాస్తాం. ఏడాది చివర ఆ వరుసలన్నీ కూడి "ఇంతమందికి మానసిక వైద్య సహాయం" అని నివేదికలో వేస్తాం. కిందటి నివేదిక అచ్చయి వచ్చిన వారం రోజులకు ఒక పెద్దామె ఆఫీసుకు వచ్చింది. ఆమె కొడుకు మన వ్యానులో వెళ్ళినవాడే. ఆమెకు చదువు రాదు. మనవడు నివేదిక చదివి వినిపించాడట.

"బేటా, ఈ లెక్కలో మావాడు కూడా ఉన్నాడా?" అని అడిగింది.

రిజిష్టరు తీసి చూశాం. ఉన్నాడు. ఒకచోట కాదు, మూడుచోట్ల. మూడు నెలలు వచ్చాడు గనుక మూడు వరుసలు. కూడికలో ముగ్గురు మనుషులైపోయాడు.

"ఉన్నాడు ఖాలా" అన్నాం, కొంచెం గర్వంగానే.

ఆమె చెంగుతో ముఖం తుడుచుకుని నెమ్మదిగా అన్నది: "వాడు మందు మానేసి ఎనిమిది నెలలైంది. వెనకగదిలో కాలికి గొలుసు వేసి ఉంచాను. రాత్రిపూట రోడ్డు మీదికి పరుగెత్తుతాడు, ఏ లారీ కింద పడతాడో అని భయం. మరి మీ పుస్తకంలో వాడికి బాగైనట్టేనా?"

ఆ గదిలో ఉన్న నలుగురం తలలు దించుకున్నాం. మేము అబద్ధం రాయలేదు. రిజిష్టరులో ఉన్నదే రాశాం. ఉన్నదంతా నిజమే, అయినా ఆ నిజంలో ఆ పిల్లవాడు లేడు. అతను వ్యాను ఎక్కిన మూడు రోజులూ మాకు తెలుసు. ఎక్కని ఎనిమిది నెలలూ మాకు తెలియవు. ఎందుకు రాలేదని మేము అడగలేదు, అడగాలని మా రిజిష్టరులో గడి కూడా లేదు.

సోదరులారా, గొలుసు అనగానే మనకు గుర్తుకు రావలసిన ఊరొకటి ఉన్నది. తమిళనాడు రామనాథపురం జిల్లాలోని ఏర్వాడి. అక్కడి దర్గాకు మతిస్థిమితం తప్పినవారిని తీసుకువచ్చేవారు ఎందరో. వారిని ఉంచుకోవడానికి చుట్టూ పాకల్లో ప్రైవేటు ఆశ్రమాలు వెలిశాయి. 2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున అలాంటి ఒక పాకకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టివేసి ఉన్నవారు కదలలేకపోయారు. 28 మంది ప్రాణాలు పోయినవి. సుప్రీంకోర్టు తనంతట తానుగా ఆ విషయం చేపట్టింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, మానసిక రోగిని ఏ రూపంలోనైనా గొలుసుతో కట్టడం నిషేధించింది.

ఆ తల్లిని తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. ఆమెకు వేరే దారి చూపినవారెవరు? దారి చూపుతామని బోర్డు కట్టుకున్నది మనం. కనుక తప్పు మా లెక్కలో ఉన్నదని ఒప్పుకుని, లెక్క సరిచేసుకునే మార్గం వెతికినాము. డాక్టర్లను అడిగాం, పుస్తకాలు చదివించుకున్నాం. తెలిసినంతవరకు మీ ముందు పెడుతున్నాం.

మానసిక వైద్యాన్ని పెద్దాసుపత్రి గోడల మధ్య నుంచి ఊళ్ళోకి, పేటలోకి తీసుకురావాలన్న ఆలోచన మన దేశంలో కొత్తది కాదు. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో వచ్చింది. మన పొరుగున ఉన్న బళ్ళారి జిల్లాలో, తెలుగు మాట్లాడేవారు ఎందరో ఉన్న ఆ జిల్లాలో, బెంగుళూరు నిమ్‌హాన్స్ వారు 1985 నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, కార్యకర్తలకు తర్ఫీదు ఇచ్చి, మానసిక రోగులకు దగ్గరలోనే మందు దొరికే ఏర్పాటు చేశారు. ఆ నమూనా మీదనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం నాలుగు జిల్లాల్లో మొదలైంది. ఆ నాలుగింటిలో ఒకటి మన మెదక్ అని చెప్పుకోవడానికి సంతోషంగా ఉన్నది.

పని మొదలుకావడం ఒక ఎత్తు, పని ఫలించిందో లేదో చూడడం మరొక ఎత్తు. 2015-16లో నిమ్‌హాన్స్ వారు జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేశారు. పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారనీ, జబ్బును బట్టి వారిలో నూటికి 70 నుంచి 92 మంది వరకు చికిత్స అందనివారేననీ తేల్చారు. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. ఆ పన్నెండింటిలో మన రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. అంటే మన సంగతి మనమే చూసుకోవాలి. చికిత్స అందనివారి మాట అటుంచి, అందినవారికైనా ఏమైందో ముందు చూసుకోవాలి.

చూడడమంటే ఎలా? జ్వరమైతే థర్మామీటరు ఉన్నది. షుగరుకు రక్తపరీక్ష ఉన్నది. మనసుకు ఏ మీటరు పెడతాం? ఈ సందేహం మాకూ కలిగింది. కాని మనసుకు కూడా కొలబద్దలు ఉన్నాయండీ. అవి ప్రశ్నల రూపంలో ఉంటాయి.

దిగులు జబ్బుకు, అంటే డాక్టర్లు డిప్రెషన్ అనేదానికి, పి.హెచ్.క్యూ.-9 అని తొమ్మిది ప్రశ్నల పత్రం ఉన్నది. గడచిన రెండు వారాల్లో నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, ఏ పని మీదైనా ఆసక్తి ఉందా, నీరసంగా ఉందా, ఇలా అడుగుతారు. ఒక్కొక్కదానికి సున్నా నుంచి మూడు వరకు మార్కులు. మొత్తం 27. బడిపిల్లల మార్కులకు ఇది తిరకాసు: ఇక్కడ మార్కులు తగ్గితేనే పాసు. మొదటిరోజు వచ్చిన అంకె సగానికి పడిపోతే మందు పనిచేస్తున్నట్టు, 5 కంటే తక్కువకు వస్తే జబ్బు నెమ్మదించినట్టు లెక్క. చివరి ప్రశ్న చచ్చిపోవాలన్న ఆలోచన వస్తున్నదా అని. దానికి అవునని జవాబు వస్తే మార్కులు కూడుతూ కూర్చోకూడదు, అప్పటికప్పుడు డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి. రాత్రివేళ ఏమీ తోచకపోతే 14416కు ఫోను చేయవచ్చును. అది 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి-మానస్ నంబరు. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు.

ఇక స్కిజోఫ్రీనియా వంటి పెద్ద జబ్బులకు లక్షణాలు మాత్రమే చూస్తే చాలదు. చెవిలో మాటలు వినిపించడం తగ్గింది, కాని మనిషి మూలన కూర్చుని గోడ చూస్తున్నాడు. బాగైనట్టా, కానట్టా? దీనికోసం మన దేశపు మానసిక వైద్యుల సంఘమే ఐడియాస్ అనే కొలతను తయారుచేసింది. వైకల్య ధ్రువపత్రానికి ప్రభుత్వం వాడేది ఇదే. ఇందులో నాలుగు సంగతులు చూస్తారు: తన ఒంటి శుభ్రం, తిండి తాను చూసుకోగలుగుతున్నాడా, నలుగురితో మెలగగలుగుతున్నాడా, చెప్పింది అర్థం చేసుకుని తిరిగి చెప్పగలుగుతున్నాడా, పని చేయగలుగుతున్నాడా. ఒక్కొక్కదానికి సున్నా నుంచి నాలుగు. జబ్బు ఎన్నాళ్ళనుంచి ఉన్నదన్నదానికి మరికొన్ని కలిపి మొత్తం 20. ఏడు వస్తే 40 శాతం వైకల్యం కింద లెక్క.

మనిషి తిరిగి మనుషుల్లో పడ్డాడా అన్న ఈ ఆలోచన మన పూర్వులకు తెలియనిది కాదు. 1284లో సుల్తాన్ ఖలావూన్ కైరోలో కట్టించిన మన్సూరీ ఆసుపత్రిలో మతి చలించినవారికి కూడా చోటు ఉండేది. అక్కడ నయమై ఇళ్ళకు వెళ్ళే రోగులకు, వెంటనే కూలికి పోనవసరం లేకుండా, చేతిలో కొంత డబ్బు పెట్టి పంపేవారని చరిత్రకారులు రాస్తారు. ఆసుపత్రి గుమ్మం దాటాక రోగి ఏమౌతాడన్న చింత ఆనాడే ఉన్నది. మన రిజిష్టరు మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

కొలబద్ద ఉంటే చాలదు, కొలిచే పద్ధతి తెలియాలి. బట్టలకొట్టువాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. గుడ్డను లాగి కొలిస్తే ఒక లెక్క, వదులుగా కొలిస్తే మరొక లెక్క వస్తుందని మీకు చెప్పనవసరం లేదు. ఈ కొలతలోనూ చెయ్యి జారే చోట్లు ఉన్నాయి. మాకు అర్థమైనవి నాలుగు.

మొదటిది, రానివారిని మరచిపోవడం. ఆరు నెలల తరువాత ఎవరెవరు వస్తున్నారో వారినే పిలిచి ఎలా ఉందని అడిగితే, చాలామంది బాగుందనే అంటారు. ఎందుకంటే బాగున్నవారే వస్తున్నారు. జబ్బు ముదిరినవాడు వ్యాను ఎక్కడు. మందు పడక మానేసినవాడు రాడు. పూర్తిగా తగ్గి పనిలో పడినవాడు కూడా రాకపోవచ్చును. మంచైనా చెడైనా వారి సంగతి తెలియకుండా మనం వేసే లెక్క సగం లెక్కే. అందుకని తెలిసినవారు చెప్పే సూత్రమేమంటే, మొదటిరోజు పుస్తకంలో ఎక్కిన ప్రతి పేరుకూ చివరిరోజు జవాబు ఉండాలి. తెలియకపోతే "తెలియదు" అని రాయాలి గాని ఆ పేరు కొట్టివేయకూడదు.

రెండవది, దానంతట తగ్గినదాన్ని కూడా మన ఖాతాలో వేసుకోవడం. మనిషి బాధ భరించలేని స్థితిలోనే డాక్టరు దగ్గరకు వస్తాడు. ఆ తరువాత కొంత దానంతటదే నెమ్మదిస్తుంది. ఎంతవరకు మన వల్ల, ఎంతవరకు కాలం వల్ల? దీనికి గోవాలో చేసిన మానస్ అనే పరిశోధన మంచి ఉదాహరణ. 24 వైద్యకేంద్రాలు తీసుకున్నారు, సగం ప్రభుత్వానివి, సగం ప్రైవేటు డాక్టర్లవి. వాటిలో సగం చోట్ల, డాక్టరు చదువు లేని మామూలు మనుషులకు తర్ఫీదు ఇచ్చి, దిగులు, ఆందోళన ఉన్న రోగులతో మాట్లాడించి, వెంటపడి చూసే ఏర్పాటు చేశారు. మిగతా సగం చోట్ల మామూలు వైద్యమే. 2010లో ఫలితాలు వెలువడినవి. ప్రభుత్వ కేంద్రాల్లో, ఆ ఏర్పాటు ఉన్నచోట ఆరు నెలలకు నూటికి సుమారు 66 మంది కోలుకున్నారు. లేనిచోట నూటికి సుమారు 42 మంది. చూశారా? పోల్చి చూడకపోతే 66 మందీ మా వల్లే బాగయ్యారని గోవావారు ఊరేగింపు తీసేవారు. పోల్చారు గనుక, నూటికి సుమారు 24 మంది మాత్రమే ఆ సేవ పుణ్యమని తేలింది. 24 తక్కువేమీ కాదు, ఎంతో గొప్ప సంగతి. ప్రైవేటు డాక్టర్ల దగ్గర మాత్రం ఆ తేడా కనబడలేదు. ఒకచోట పనిచేసిన సేవ మరొకచోట అలాగే పనిచేస్తుందన్న నమ్మకం లేదని దీని వల్ల తెలుస్తున్నది.

పెద్ద జబ్బుల విషయంలోనూ ఇలాంటి పరిశోధనే గోవా, మహారాష్ట్రలోని సతారా, తమిళనాడు పల్లెలు, ఈ మూడుచోట్ల 282 మంది స్కిజోఫ్రీనియా రోగులతో జరిగి, 2014లో ప్రకటితమైనది. ఆసుపత్రి వైద్యానికి తోడు ఇంటికి కార్యకర్త వచ్చి చూసుకున్నవారిలో ఏడాది తరువాత లక్షణాలు, వైకల్యం రెండూ మరికొంత తగ్గినవి. మొత్తం మీద ఆ తేడా చిన్నదే. తమిళనాడు పల్లెల్లో మాత్రం బాగా కనిపించింది. చిన్న మేలును చిన్నదనే ఒప్పుకున్న ఆ నిజాయితీ మనం నేర్చుకోదగినది.

మూడవది, అడిగేవారు ఎవరు అన్నది. ఇది మనకు మరీ ముఖ్యం. జకాతు డబ్బుతో మందులు కొనిచ్చి, ఆ ఇచ్చినవాడే వెళ్ళి "ఎలా ఉందండీ?" అంటే ఏ పేదవాడైనా ఏమంటాడు? "మీ దయవల్ల బాగుంది సాబ్" అంటాడు. కాదంటే వచ్చే నెల మందు ఆగిపోతుందేమోనని భయం, లేదా మొహమాటం. పెట్టే చెయ్యి వేరు, అడిగే నోరు వేరు కావాలి. ఆడవారి దగ్గరకు ఆడవారే వెళ్ళి, ఇంట్లో మగవారు లేని వేళ అడగాలి.

నాలుగవది, ఏ మాటలతో అడుగుతున్నామన్నది. మన ఇళ్ళల్లో "నాకు డిప్రెషన్" అని ఎవరూ అనరు. "దిల్ ఘబరాతా" అంటారు, "గుండె దడ" అంటారు, "తల బరువు", "ఒళ్ళంతా నొప్పులు", "ఏమీ బాగోలేదు" అంటారు. కొందరు "అసర్ అయింది" అంటారు. ఈ మాటలను పట్టుకుని అడగకపోతే జవాబు రాదు. ఆఫ్రికాలోని జింబాబ్వే దేశపు షోనా భాషలో దిగులును "కుఫుంగిసిసా" అంటారట, ఆలోచనలు మరీ ఎక్కువైపోవడం అని అర్థం. మన ఆడవాళ్ళు అనే మాట కూడా అదే కదా! డాక్టర్ డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు 2006లో హరారే నగరంలో, ఆసుపత్రుల ఆవరణలో బల్లలు వేయించి, పేటలోని అవ్వలకు తర్ఫీదు ఇచ్చి కూర్చోబెట్టారు. దాన్ని స్నేహపు బల్ల అన్నారు. ఫలితం కొలవడానికి తమ షోనా మాటలతోనే తయారైన 14 ప్రశ్నల పత్రం వాడారు. 24 క్లినిక్కుల్లో 573 మందిని చూసి 2016లో ప్రకటించారు. ఆరు నెలలకు, అవ్వల దగ్గర కూర్చున్నవారికి 14కు సుమారు 4, మామూలు వైద్యం పొందినవారికి సుమారు 9 వచ్చినవి. పెద్ద డిగ్రీలు లేని అవ్వలు చేసిన పని అది. మన పేటలో ఖాలాలకు, అమ్మమ్మలకు కొదవా?

ఇక్కడొక సున్నితమైన విషయం. మనవారు దర్గాకు వెళతారు, తావీజు కట్టించుకుంటారు. వెళ్ళేవారిని నవ్వుతే వారు రెండోసారి నిజం చెప్పరు. గుజరాత్‌లోని ఉనావా గ్రామంలో మీరా దాతార్ దర్గా దగ్గర ముజావర్లను కలుపుకునే దవా-దువా అనే ఏర్పాటు వచ్చింది. దువాకు వచ్చినవారికి దవా కూడా అక్కడే అందుతుంది. తరువాత ఏర్వాడిలోనూ అలాంటిది మొదలైంది. కనుక మన పుస్తకంలో "ఇంకా ఎక్కడికి వెళుతున్నారు?" అన్న ప్రశ్న తప్పుపట్టే గొంతుతో కాకుండా, తెలుసుకునే గొంతుతో అడగాలి. అక్కడ ఎవరైనా మందు మానెయ్యమన్నారా అన్నది మాత్రం తప్పక కనుక్కోవాలి.

ఇంకొక చిక్కు కూడా చెప్పాలి. ఐడియాస్ మార్కులు ఎక్కువ వస్తే ధ్రువపత్రం, దాని మీద పింఛను. రోగి బాగుపడ్డాడని రాస్తే పింఛను పోతుందేమోనని ఇంటివారికి భయం. అందుకే మన సంఘం పుస్తకానికీ, ఆ ధ్రువపత్రానికీ ఏ సంబంధమూ లేదని మొదటిరోజే నమ్మకంగా చెప్పాలి. అంతేకాదు, ఈ పుస్తకం రహస్యంగా ఉండాలి. జబ్బు వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు 2017 చట్టం రోగికి ఇచ్చింది. పెళ్ళి కావలసిన ఆడపిల్ల పేరు మన పుస్తకం నుంచి బయటకు పొక్కితే, ఆ పాపం మనది. కనుక నివేదికలో అంకెలు తప్ప పేర్లు రావు.

ఇవన్నీ ఆలోచించి, డాక్టర్ల సలహా తీసుకుని, ఉపసంఘం ఈ క్రింది ఏర్పాటు ప్రతిపాదిస్తున్నది. సభవారు ఆమోదించవలసిందిగా ప్రార్థన.

ఇకమీదట వరుసలు కాదు, మనిషికొక పేజీ. ఎన్నిసార్లు వచ్చినా పేజీ ఒకటే. మొదటిరోజు, మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి అవే ప్రశ్నలు అడిగి పక్కపక్కన రాస్తాం. రాత్రి నిద్ర పడుతున్నదా? స్నానం, తిండి తానే చూసుకుంటున్నాడా? ఇంటికి ఎవరైనా వస్తే మాట్లాడుతున్నాడా? ఏదైనా పని, అది మిరపకాయల తొడిమలు తీయడమైనా సరే, చేస్తున్నాడా? మందు వాడుతున్నాడా, మానేస్తే ఎందుకు? ఒళ్ళు బరువెక్కడం, చేతులు వణకడం వంటి ఇబ్బంది ఉన్నదా? చూసుకునే మనిషికి, తల్లి గాని భార్య గాని, ఆమెకు నిద్ర ఉన్నదా? చివరగా రోగిని మాత్రమే అడగవలసిన ప్రశ్న ఒకటి: "నీకు ఏమి కావాలి?" ఒకడు కుట్టుమిషను మీద మళ్ళీ కూర్చోవాలంటాడు. ఒకడు జుమా రోజున అందరితోపాటు సఫ్‌లో నిలబడాలంటాడు. ఒక తల్లి తన బిడ్డకు తానే జడ వేయాలంటుంది. ఆ కోరిక రాసుకుని, ఏడాదికి తీరిందో లేదో చూడాలి. పుస్తకాల్లోని కొలతలన్నింటికంటే ఇది రోగికి బాగా అర్థమయ్యే కొలత.

ప్రశ్నలు అడిగేది మందులిచ్చేవారు కాదు. చదువుకున్న మన ఆడపిల్లలు, రిటైరైన మాస్టర్లు కొందరు ముందుకు వచ్చారు. వారికి తర్ఫీదు ఇప్పిస్తాం. ఒక నెల వ్యాను దగ్గరకు రానివారి ఇంటికి రెండు వారాల లోపల మనిషి వెళ్ళితీరాలి. ఏడాది చివర నివేదికలో అయిదు గడులుంటాయి: బాగైనవారు, కొంత మెరుగైనవారు, అలాగే ఉన్నవారు, ముదిరినవారు, సంగతి తెలియనివారు. అయిదూ కూడితే మొదటిరోజు పుస్తకంలో ఎక్కిన మనుషుల లెక్కకు సరిపోవాలి. ఒక్కటి తగ్గినా, ఆ ఒక్కడూ ఎక్కడ ఉన్నాడని మీరు మమ్మల్ని నిలదీయాలి.

పెద్దలకు ఒక విన్నపం. ఇలా లెక్కవేస్తే వచ్చే ఏడు మా అంకె ఈ ఏటికంటే చిన్నదిగా కనిపిస్తుంది. మూడు వరుసల మనిషి ఒక్క మనిషౌతాడు. "ముదిరినవారు" అన్న గడి ఖాళీగా ఉండదు. అది చూసి చందా తగ్గించకండి. "సంగతి తెలియనివారు" అన్న గడి పెద్దదైతే మాత్రం కోప్పడండి, అది మా బద్ధకం. మిగతా గడులు జబ్బు సంగతి చెబుతాయి. ఏ మందు మార్చాలో, ఎవరి ఇంటికి ఇంకొకసారి వెళ్ళాలో వాటిని బట్టే తెలుస్తుంది. అంకె బాగుండాలని తేలికపాటి రోగులనే వ్యాను ఎక్కించి, కష్టమైనవారిని వదిలేసే పని మాత్రం ఎన్నటికీ చేయబోమని ఈ సభాముఖంగా మాట ఇస్తున్నాం.

ఆ తల్లి సంగతి చెప్పి ముగిస్తాం. ఆమె వచ్చిన మరునాడే మేము ఇంటికి వెళ్ళినాము. మందు ఎందుకు మానేశాడని అడిగితే, జవాబు చాలా చిన్నది. మందు వేసుకుంటే పగలంతా మగత, దుకాణంలో కునికిపాట్లు పడుతున్నాడని యజమాని పని మాన్పించాడు. పని పోయిందని మందు మానేశాడు. ఈ ఒక్క ముక్క మొదటి నెలలోనే అడిగి ఉంటే డాక్టరుగారు మందు మార్చేవారు. ఆ తరువాత అదే చేశారు. గొలుసు తీసేశారు. అతనికి పూర్తిగా నయమైందని చెప్పం. ఇప్పటికీ తనలో తాను మాట్లాడుకుంటాడు. కాని ఉదయంపూట మామ సైకిలు షాపులో కూర్చుని పంక్చర్లు వేస్తున్నాడు. మొన్న ఆరు నెలల ప్రశ్నలకు మా అమ్మాయి వెళ్ళి, మీ నిద్ర సంగతేమిటి ఖాలా అని అడిగితే, "ఫజర్ అజాన్ వినపడేదాకా మెలకువ రావడం లేదు బేటీ" అన్నదట.

అతని పేజీలో "కొంత మెరుగు" అని రాశాం. మూడుసార్లు కాదు, ఒక్కసారే.

 మన పేటలో మూసిన తలుపుల వెనక ఉన్న ప్రతి ఒక్కరికీ అల్లాహ్ స్వస్థత ప్రసాదించుగాక. ఆ తలుపు తట్టే ఓపిక మనకు ఇచ్చుగాక. ఆమీన్.

వస్సలామ్.